గంటకప్పల లొద్ది

"ఆగురా!"

వాడు ఆగలేదు.

నాగరాణి కూడా ఆగలేదు.

వాన... చిమ్మచీకటి... కాళ్ళ కింద తడిసిన టేకాకులు సర్రున జారుతున్నాయి. ముందు ఎక్కడో ఒక టార్చి వెలిగింది. వెంటనే ఆరిపోయింది. మళ్ళీ చీకటి!

ఎడమ చేత్తో కొమ్మలు తోసుకుంటూ పరుగెడుతోందామె. కుడిచేతిలో గొడ్డలి ఉంది. అది డిపార్టుమెంటు ఇచ్చింది కాదు. ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కి డిపార్టుమెంటు ఇచ్చేది ఒక లాఠీ, ఒక విజిలు, చంకల్లో చిరిగిన ఒక రెయిన్‌కోటు.

ఈ గొడ్డలి ఆమె తమ్ముడు పరశురాములుది. గొర్రెలకు మండలు కొట్టిన గొడ్డలి. వాడు పోయాక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ పొద్దున్నే ఆమె నూరింది. నీళ్ళు చల్లుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ నూరింది.

ఇవాళ్టికి తమ్ముడు పోయి ఏడాది.

వాణ్ణి చంపినవాడు ఇవాళ దాటకూడదు!

అరెస్టు లేదు. కేసు లేదు. కోర్టు లేదు. ఏడాదిగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆమె అనుకున్నది ఆ ఒక్క మాటే.

"నాగరాణీ! జాగ్రత్త! వాడి దగ్గర తుపాకి ఉంది!"

వెనకనుంచి కృష్ణకాంత్ సారు. రొప్పుతున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కప్పల సైంటిస్టు. ఈ అడవిలో కప్పల్ని కాపాడే ప్రాజెక్టుకి పెద్ద. ఇవాళ తెల్లవారుతూనే ఫోన్ చేసింది కూడా ఆయనే. "పక్కా ఇన్ఫర్మేషన్. జానయ్య ఇవాళ లొద్దిలోకి దిగుతున్నాడు. వస్తావా?"

వస్తావా అని అడగాలా!

జానయ్య. కప్పల దొంగ. నల్లమలలో దొరికే ప్రతిదాన్నీ అమ్ముకున్నవాడు. తమ్ముడు చచ్చిన వారమే ఊరొదిలి పారిపోయాడు. పోలీసులు కూడా ఆ పేరే రాసుకున్నారు. రాసుకుని ఊరుకున్నారు.

జేబులో ఫోన్ మోగింది.

అమ్మ.

ఆమె పరుగు ఆపకుండానే కట్ చేసింది.

ఎందుకు చేస్తోందో తెలుసు. ఇంటి దగ్గర కులపోళ్ళంతా చేరి ఉంటారు. ఇవాళ తమ్ముడి గొంగడి విప్పుతారు. గొర్లకాపరి పోతే వాడి గొంగడిని మడిచి పెట్టెలో పెడతారు వాళ్ళింట్లో. ఏడాది దాకా మడత విప్పరు. పోయినవాడి వెచ్చదనం అందులోనే ఉంటుందని అమ్మ గుర్వమ్మ నమ్మకం. శవం ముఖం మీద కప్పి దొరికిన గొంగడి అది; పోలీసులు వచ్చి సాక్ష్యానికి అడిగితే, పెట్టె మీద కూర్చుని లేవలేదు ముసలమ్మ. "నా పాణం తీస్కపొండ్రి. గొంగడి ఇయ్య!"

పొద్దున బయల్దేరుతుంటే కూడా గొణిగింది. "తమ్ముని గొంగడి ఇప్పేనాడు తోడబుట్టినదానివి నువ్వు లేకుంటె ఎట్లనే?"

"వస్త అమ్మా. వాని పాణం తీసుకోనే వస్త."

ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

చెట్లు ఆగిపోయాయి. ముందు నేల లేదు... లొద్ది!

రెండు కొండల నడుమ కత్తితో కోసినట్టున్న లోయ. దాన్ని ఇక్కడివాళ్ళు లొద్ది అంటారు. కింద గంటలు మోగుతున్నాయి.

టిణ్... టిణ్... టిణ్...

పొట్టేలు మెడలో కట్టే చిన్న ఇత్తడి గంట చప్పుడు. కానీ అక్కడ పొట్టేలు లేదు. మోగేది కప్ప. గోరంత కప్ప! వీపు పసుపు, కడుపు నీలం.

ఎండాకాలం వస్తే నల్లమల అగ్గిపెట్టె. ఎక్కడ గీసినా అంటుకుంటుంది. ఈ ఒక్క లొద్దిలో మాత్రం ఏడాది పొడుగునా నీళ్ళు జారుతూనే ఉంటాయి. బండలకు నాచు, వేళ్ళకు నాచు. వానకారడవిలో బతకాల్సిన కప్ప... ఎప్పుడో ఆ అడవి ఎండుకుంటూ పోతే, ఈ తడి ముక్కలో చిక్కి మిగిలిపోయింది. లోకంలో ఇంకెక్కడా లేదు.

తప్పిపోయిన పొట్టేలు గంటే అనుకుని ఇందులో దిగాడు పరశురాములు. పొట్టేలు దొరకలేదు. కప్ప దొరికింది. తర్వాత కృష్ణకాంత్ సారు వచ్చాడు. ప్రాజెక్టు వచ్చింది. తమ్ముడికి వాచర్ ఉద్యోగం వచ్చింది. అదే వాడి ప్రాణం మీదికొచ్చింది.

మెట్ల దగ్గర రేకు కప్పు. దాని కింద నీలం రంగు టబ్బు. నిండా బ్లీచింగ్ నీళ్ళు.

నాగరాణి ఆగింది!

దొంగ ముందు ఉరుకుతుంటే ఆగి కాళ్ళు కడుక్కునే పిచ్చిది ఎక్కడైనా ఉంటుందా? ఇక్కడ ఉంది. రెండు బూట్లూ టబ్బులో ముంచింది. నీళ్ళు ప్యాంటు అంచుల మీద చిమ్మాయి. ఆ అంచులు ఎప్పుడో రంగు వెలిసిపోయాయి. "ఏం నీళ్ళే అవి, బట్టను తింటున్నయ్!" అని ప్రతి ఉతుకుకీ అమ్మ తిడుతుంది.

బయటి బురదలో కంటికి కనపడని బూజు ఉంటుంది. అది కప్ప చర్మానికి పట్టిందో... ఒక్క వానాకాలంలో లొద్దంతా ఊడ్చుకుపోతుంది. అందుకే ఈ టబ్బు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు రెండుసార్లూ కడగాలి. "దేవుడొచ్చినా సరే, కాళ్ళు కడుక్కోకుంటె దిగనియ్య" అనేవాడు తమ్ముడు.

టార్చి వేసి చూసింది. టబ్బు పక్కనుంచే బురద అడుగులు నేరుగా మెట్ల మీదికి పోయాయి. టైరు చెప్పుల అడుగులు.

జానయ్య కడుక్కోలేదు. దొంగకు ఆ ధ్యాస ఎందుకుంటుంది!

వెనక చప్... చప్... అని రెండు చప్పుళ్ళు. కృష్ణకాంత్ సారు కూడా టబ్బులో కాళ్ళు ముంచి వస్తున్నాడు. నిద్రలో లేపి తీసుకొచ్చినా ఆయన కాళ్ళు ముందు ఆ టబ్బులోకే పోతాయి. అంత అలవాటు.

ఆమె దిగింది.

* * *

కింద చీకటి ఇంకా చిక్కగా ఉంది. ఎదురుగా జలపాతం హోరు.

నాగరాణి టార్చి ఆపేసింది. ఊపిరి బిగబట్టి విన్నది.

కుడివైపు... టిణ్... టిణ్...

వెనక... టిణ్...

ఎడమవైపు...?

చప్పుడు లేదు!

మనిషి అడుగు పడ్డచోట గంటకప్ప నోరు మూసుకుంటుంది. "గంట ఆగిన కాడ మనిషున్నడన్నట్టే అక్కా" అని తమ్ముడే నేర్పాడు. 

ఎడమవైపు నిశ్శబ్దం మెల్లగా కదులుతోంది. బండ మీది నుంచి నీళ్ళ అంచుకి... అక్కణ్ణుంచి జలపాతం వెనక్కి...

ఆమె కూడా కదిలింది. పిల్లిలా వంగి, బండను తడుముకుంటూ.

నీళ్ళ తెర వెనక ఎవరో దగ్గారు.

దూకింది!

గొడ్డలి కామ వాడి భుజానికి తగిలింది. "అమ్మో!" అని అరిచాడు. వాడి భుజానికున్న నాటుతుపాకి జారింది. నాళం కిందికై నేరుగా ఒడ్డు బురదలో దిగబడింది. గుంజ పాతినట్టు నిటారుగా నిలబడింది!

ఆమె చూసింది. వాడూ చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఎగబడ్డారు.

నాగరాణి మోకాలు వాడి ఛాతీ మీద పడింది. వాడు వెల్లకిలా పడ్డాడు. గొడ్డలి అంచు మెడ మీద ఆనింది.

టార్చి వెలిగించింది. జానయ్యే! గడ్డం మాసిపోయింది. కళ్ళు మిడిగుడ్లు పడ్డాయి. ఒక కాలికే చెప్పుంది. రెండోది పరుగులో పోయినట్టుంది. వీపున కట్టుకున్న థర్మకోల్ పెట్టె పక్కకు ఒరిగింది. లోపల్నుంచి ఒక కప్ప... టిణ్...

"పరశురాములు యాదున్నడారా?"

"అక్కా..."

"యాదున్నడా లేడా!"

"ఉన్నడక్కా! నేను చంపలే! కప్పల్ని పట్టిన, గది నిజం. మనిషిని చంపలే! నా బిడ్డల మీద ఒట్టు!"

"మరెందుకు పారిపోయినవ్?"

"నా పేరే అంటరని పోయిన! సేటు ఫోన్‌ల చెప్తడు, నేను కప్పలు పడ్త. చిట్యాల కాడ దాబాల పెట్టె పెట్టొస్త. ఎవరు తీస్కపోతరో నాకెరుక లేదు. సేటు ముఖం సుత నేను చూడలే! ఇయ్యాల గూడ ఆయనే రమ్మన్నడు. నేను రానంటే... బతిమాలి పిలిచిండు!"

కృష్ణకాంత్ సారు వచ్చేశాడు. బురదలో నిలబడ్డ తుపాకిని చప్పున పీకాడు. గుర్రం దగ్గర మందు తడవకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంది. దాన్ని విప్పి పారేశాడు. జేబురుమాలు తీసి తన చేతులకంటిన బురద తుడుచుకున్నాడు. 

"వింటున్నావా ఈ కథలు?" అన్నాడు. గొంతు వణికింది. "నీ తమ్ముడు ఎంత మంచివాడు! వాడి తలను బండతో... నాగరాణీ, ఇక ఆలోచించకు. కొట్టు! నేనేమీ చూడలేదు. తుపాకితో మీద పడ్డాడు, ఆత్మరక్షణకి కొట్టావు. నేను చెప్తాను. కొట్టు!"

ఆమె లేచింది. గొడ్డలి ఎత్తింది.

జానయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఏడాది! ఏడాదిగా ఈ క్షణం కోసమే బతికింది ఆమె. చేతుల్లో నరాలు తెగేంత బిగిసాయి. కొట్టేస్తే అయిపోతుంది. ఇంటికి పోయి అమ్మ పక్కన కూర్చోవచ్చు. 

టిణ్... అన్నది పెట్టెలో కప్ప.

ఆమె కాళ్ళ కింది నుంచి నీళ్ళు పారుతున్నాయి. ఆ నీళ్ళలోనే కప్పల గుడ్లు తేలుతుంటాయి. 

గొడ్డలి కిందికి దిగింది.

"ఈడ కాదు."

"ఏంటి?" అన్నాడు సారు.

"నెత్తురు నీళ్ళల్ల కలుస్తది సారూ. నా తమ్ముడు కాపాడిన నీళ్ళు ఇవి. పైకి తీస్కపోయి నరుకుత." జానయ్య కాలర్ పట్టి లేపింది. "నడువురా!"

కృష్ణకాంత్ పళ్ళు బిగించాడు. మరుక్షణం సర్దుకున్నాడు. "సరే... సరే. ఆ పెట్టె నాకివ్వు. ఎవిడెన్సు అది."

"ఫొటో తీసి ఎంటనే వదిలెయ్యాలె సారూ. పాపం, ఊపిరాడదు."

"అలాగే" అంటూ తుపాకి ఒక చేత పట్టుకుని, పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా.

* * *

పైన వాన తగ్గింది.

జానయ్యను మెట్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. వాడు ఏడుస్తున్నాడు. చప్పుడు రాకుండా ఏడుస్తున్నాడు.

కృష్ణకాంత్ టార్చిని రేకు కప్పుకి వేలాడదీశాడు. అలవాటు ప్రకారం టబ్బులో కాళ్ళు కడుక్కున్నాడు. కప్పు కింద పొడిగా ఉన్న రాతిచట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. పెట్టెను టబ్బు అంచున ఉన్న గట్టు మీద పెట్టాడు.

నాగరాణి జేబులో ఫోన్ గజగజలాడింది. ఒకటే బజ్... బజ్... బజ్... లొద్దిలో సిగ్నల్ ఉండదు. పైకి వచ్చాక అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. మిస్డ్ కాల్స్. చివర్న ఒక వాయిస్ మెసేజ్. పక్కింటి పిల్ల నిరోష ఫోన్లోంచి.

అమ్మ గొంతు వినాలనిపించింది. వాణ్ణి నరికే ముందు అమ్మ గొంతు వినాలి.

ఫోన్ చెవికి ఆనించుకుంది.

"నాగీ! ఫోన్ ఎత్తవేందే!" గుర్వమ్మ గొంతు ఆయాసపడుతోంది. వెనక జనం గోల. "గొంగడి ఇప్పినం బిడ్డా... దాని మీద అడుగున్నదే! బూటు అడుగు! నల్ల ఉన్ని గంతమేర ఎర్రగ కాలింది. ముట్టుకుంటె పొడి పొడి రాలుతాంది. నీ ప్యాంటు అంచులను తినే నీళ్ళు లేవా, గా టబ్బు నీళ్ళు... గవ్వేనే! మడిమె కాడ మూడు చుక్కల గుర్తు అచ్చుగుద్దినట్టున్నది. ఓ నాగీ... దొంగోడు గాదే! ఎవడో కాళ్ళు కడుక్కొని పోయి నా కొడుకు ముఖం మీద తొక్కిండే!"

మెసేజ్ అయిపోయింది.

నాగరాణి ఫోన్ దించలేదు. ఇంకా వింటున్నట్టే నిలబడింది.

జానయ్య కాళ్ళు చూసింది. ఒక కాలికి టైరు చెప్పు. రెండోదానికి ఒట్టి బురద. వాడు పుట్టి బుద్ధెరిగి ఆ టబ్బులో కాలు పెట్టి ఉండడు.

మెల్లగా చూపు రాతిచట్టు మీదికి జరిగింది.

పొడి రాయి మీద తడి అడుగులు. ఇప్పుడే పడ్డవి. బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. మడమ దగ్గర...

మూడు చుక్కలు!

వేరే దేశం నుంచి తెప్పించుకున్న బూట్లు. అడవికి ఇవే వేసుకొస్తాడు ఎప్పుడూ.

కళ్ళ ముందు తమ్ముడి ముఖం. "సారు దేవుడే అక్కా" అనేవాడు. ఒక్కనాడు కూడా సారు ముందు కుర్చీలో కూర్చోలేదు వాడు.

"ఎవరు?" అన్నాడు కృష్ణకాంత్.

"మా అమ్మ."

"ఏమంటుంది?"

"తొందరగ రమ్మంటాంది." ఫోన్ జేబులో పెట్టుకుంది. "సారూ... తమ్ముడు పోయిననాడు మీరు యాడున్నరు?"

"ఇప్పుడదేం ప్రశ్న? హైదరాబాద్‌లో. మూడోరోజు కదా మీ ఇంటికి వచ్చాను, దండ పట్టుకుని."

"అంటే వాని శవాన్ని మీరు చూడలే."

"ఎక్కడ చూశాను? అప్పటికే బొంద పెట్టేశారు."

"వాని ముఖం మీద కప్పిన గొంగడి?"

కృష్ణకాంత్ రెప్పలు టపటపలాడాయి. "అది... పోలీసులు తీసుకెళ్ళారుగా?"

"లేదు. మా అమ్మ పెట్టెల పెట్టింది. ఇయ్యాలనే ఇప్పిన్రు."

కప్పు మీంచి నీటిచుక్కలు టపటపా రాలుతున్నాయి.

కృష్ణకాంత్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. రాయి మీది అడుగులను చూశాడు. తల ఎత్తాడు.

దొంగకు తేలు కుట్టిన ముఖం!

"వాణ్ణి చంపబోతా గూడ కాళ్ళు కడుక్కున్నవా?" అంది నాగరాణి. 'మీరు' పోయింది. 'సారూ' పోయింది. "ఏం మనిషివిరా నువ్వు!"

క్లిక్!

తుపాకి గుర్రం వెనక్కి లాగాడు. నాళం ఆమె ఛాతీకి ఎదురుగా నిలబడింది.

"కడుక్కోక ఎలా దిగుతాను?" అన్నాడు. గొంతులో వణుకు పోయింది. అసలు గొంతు బయటికొచ్చింది. "కప్పలు చస్తే ఎవడు కొంటాడు? అద్దాల పెట్టెల్లో పెంచుకునే పిచ్చోళ్ళు సముద్రాల అవతల ఉన్నారు. వాళ్ళకి ప్రాణంతో కావాలి, రోగం లేకుండా కావాలి. మీ తమ్ముడు... వాడికేం తక్కువ చేశాను? ఉద్యోగం ఇచ్చాను. గంటలు తగ్గుతున్నాయి సారూ, ఎవడో పట్టుకుపోతున్నాడు అని రోజూ నాకే చెప్పేవాడు. సరే, చూద్దాంలే అన్నాను. వినలేదు. ఆ రాత్రి కాపు కాశాడు. జానయ్య రాలేదని నేనే దిగాను; పెట్టెతో నన్ను చూశాడు..."

"సేటు!" అన్నాడు జానయ్య. నోరు తెరుచుకుపోయింది. "అమ్మ నీ... సేటువు నువ్వేనా!"

"ఇవాళ ఈ పిచ్చిది నిన్ను నరికేస్తే కేసు మూతపడేది. నీళ్ళు పాడవుతాయట!"

కంచే చేను మేసింది. మేస్తూ మేస్తూ కాపలావాణ్ణి కూడా మింగింది!

నాగరాణి గొడ్డలి లేచింది.

"ఆగు!"

కృష్ణకాంత్ ఎడమ బూటు థర్మకోల్ పెట్టె మీద పడింది. పెట్టె టబ్బు మీదికి వంగింది. "ఇంకొక్క అడుగు వేస్తే మీ తమ్ముడి కప్పలన్నీ బ్లీచింగ్‌లో స్నానం చేస్తాయి. గొడ్డలి పడెయ్!"

పెట్టెలో... టిణ్...

తమ్ముడు గొర్లమంద ముందు కూర్చుని నవ్వుతూ ఈ చప్పుడే నోటితో చేసి చూపించేవాడు.

గొడ్డలి నేల మీద పడింది.

"మంచిది. తుపాకిలో ఉన్నది ఒకే దెబ్బ. అది నీకు. తుపాకి జానయ్యది. ఫారెస్టు ఆఫీసర్ని చంపినవాణ్ణి లోకం ఏం చేస్తుందో నేను చూడక్కర్లేదు."

"సారూ!" జానయ్య గొంతు చించుకున్నాడు. కళ్ళు తుపాకి నాళం మీదే ఉన్నాయి. "సారూ, కొట్టకు! గా నాళంల..."

"నోర్ముయ్ జానయ్యా!" అరిచింది నాగరాణి.

"అక్కా, గది బురదల..."

"నోర్ముయ్ అన్న!"

జానయ్య ఆమె ముఖం చూశాడు. ఏం కనపడిందో... మోకాళ్ళ మీదే రెండడుగులు వెనక్కి జరిగాడు. చేతులు తల మీద పెట్టుకున్నాడు.

"ఏమంటున్నాడు వాడు?" అన్నాడు కృష్ణకాంత్.

"పాణం తీపి. వణుకుతాండు." ఆమె ఒక అడుగు పక్కకు వేసింది. పెట్టె వైపు. "నాకు లేదు భయం. కొట్టు."

"కదలకు!"

"ఇందాక నాకు చెప్పినవ్ గద, కొట్టు నాగరాణీ, కొట్టు అని? ఇప్పుడు నేను చెప్తున్న. కొట్టు! ఏం, చేతులు లేస్తలేవా? ముఖం మీద గొంగడి కప్పి, దాని మీద కాలు పెట్టి బండ ఎత్తినోనివి. ముఖం చూసుకుంట కొట్టస్తదా నీకు? నా ముఖం చూడు. వాని ముఖమే ఇది. ఒక్క తల్లి కడుపుల పుట్టినం. చూడు!"

"నోర్ముయ్!"

"వాడు నిన్ను దేవుడన్నడు రా!"

"నోర్ముయ్ అన్నానా!"

"కొట్టు!"

వేలు బిగిసింది.

నాగరాణి తుపాకిని చూడటం లేదు. పెట్టెనే చూస్తోంది.

ఢాం!!

అడవి అదిరింది!

మంట ముందుకు రాలేదు. వెనక్కి విచ్చుకుంది! బురద బిగిసిన నాళం నిలువునా చీలి, పట్టుకున్నవాడి చేతుల్లోనే పేలింది. కృష్ణకాంత్ ముఖం మంటలో ఒక్కసారి వెలిగింది. కేక సగంలోనే తెగిపోయింది. ఒక ఇనప ముక్క రేకు కప్పును చీల్చుకుని పోయింది.

పెట్టె ఒరిగింది...

ఆమె అప్పటికే గాల్లో ఉంది! చాచిన రెండు చేతులు పెట్టె కిందికి వెళ్ళాయి. మోచేతుల దాకా బ్లీచింగ్‌లో మునిగాయి. పెట్టె మాత్రం నీళ్ళకు జానెడు పైన ఆగింది.

అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎడమ చెంప మీద వెచ్చగా ఏదో కారుతోంది. తుడుచుకోలేదు.

లొద్దిలో ఒక్క గంట లేదు. అంత అడవీ నోరు మూసుకుంది.

పొగ మెల్లగా విడిపోయింది. కృష్ణకాంత్ రాతిచట్టు మీద వెల్లకిలా ఉన్నాడు. మూడు చుక్కల బూట్లు రెండూ ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. కుడిచెయ్యి ఉండాల్సిన చోట చెయ్యి లేదు. ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"అక్కా..." జానయ్య పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "నాళం నిండ బురదుండె. చెప్పబోతే నువ్వే..."

"ఎరుకే."

"నీకెరుకనా?!"

"బురదల దిగబడ్డప్పుడే చూసిన గద. నువ్వు చూడలే? నేనూ చూసిన."

జానయ్య పగిలిన తుపాకి వైపు చూశాడు. 

కింద పడ్డవాడి గొంతులోంచి మూలుగు వచ్చింది. నీళ్ళు అడుగుతున్నాడో, ప్రాణం అడుగుతున్నాడో!

"బతికే ఉన్నడక్కా! నూటెనిమిదికి ఫోన్ చెయ్యనా?"

నాగరాణి గొంతుక్కూర్చుని ఆ ముఖంలోకి చూసింది. తనివితీరా చూసింది. తమ్ముడికి చివర్న కనిపించింది గొంగడి నలుపే. వీడికి మాత్రం ఆమె ముఖం కనపడాలి. ఒక కన్ను తెరుచుకుంది. ఆమెను గుర్తుపట్టింది. చాలు.

లేచింది.

"చేద్దాం. కప్పల్ని వదిలొచ్చినంక చేద్దాం."

"అంతసేపా?! అప్పటిదాక వీడు..."

"పెట్టె పట్టు."

జానయ్య పెట్టె అందుకున్నాడు. కింద పడ్డవాణ్ణి దాటుకుని, తల తిప్పకుండా, గబగబా మెట్ల వైపు నడిచాడు.

"ఆగురా!"

వాడు ఈసారి ఆగాడు.

నాగరాణి టబ్బు వైపు చెయ్యి చూపించింది.

"ముందు కాళ్ళు కడుక్కో."